గోడమీద ఇంగ్లీషు ఏరు

ఇలా దగ్గరికి రా నాయనా. ఆ కుంపట్లో ఇంకో రెండు బొగ్గులు వేసి కూర్చో. ఫోను పక్కన పెట్టు. నేను చెప్పబోయేది తొందరగా తేలే ముచ్చట కాదు. మధ్యలో లేచావంటే మళ్లీ మొదటినుంచీ చెప్తాను, ఆపైన నీ ఇష్టం.

మీ ఇళ్లల్లో హాలు గోడకి ఇప్పుడు టీవీ ఉంటుంది. మా రోజుల్లో విజయనగరంలో కాస్త కలిగిన ఏ ఇంటికి వెళ్లినా, ప్లీడరుగారిల్లు కానీ తాసీల్దారుగారిల్లు కానీ ధాన్యం వర్తకుడి ఇల్లు కానీ, గుమ్మానికెదురుగా ఒక సీనరీ ఉండి తీరేది. సీనరీ అంటే ఏటనుకున్నావు? ఒక ఏరు. ఏటి ఒడ్డున పొగగొట్టం ఉన్న చిన్న ఇల్లు. దాని పక్కన నీటిచక్రంతో తిరిగే పిండిమర. నీళ్లలో రెండు తెల్ల బాతులు. అవతలి గట్టున మేస్తున్న ఆవులు. ఎక్కడో దూరాన చెట్ల సందున చర్చి శిఖరం. ఆకాశం నిండా మబ్బులు, అందులో ఒకచోట మబ్బు చిట్లి కింద పచ్చికమీద ఎండ పడుతూ ఉంటుంది. నూనెరంగుల్లో వేసి, టేకు చట్రంలో బిగించి, పైఅంచు కొంచెం ముందుకి వాలేటట్టు తాడు కట్టి వేలాడదీసేవారు. పండగొచ్చిందంటే సున్నం వేసేవాడికి మొట్టమొదట చెప్పే మాట, ‘సీనరీ మీద చుక్క పడకుండా చూడరా’ అని.

ఆ ఏరు ఏ దేశందో, ఏ ఊరిదో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలీదు. మా పక్కింటి మామ్మగారు అది గోదావరే అని తీర్మానించేసి, పుష్కరాల ఏడు చట్రానికి పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. వాళ్ల అబ్బాయి ఊటీ అనేవాడు. ఆయన ఊటీ వెళ్లొచ్చిన మనిషి కాబట్టి ఎదురు చెప్పేవాడు లేడు. అసలు సంగతి పట్టుకున్నవాడు ఒక్కడే, పాలుపోసే ముసలాయన. ప్లీడరుగారింట్లో చెంబు దించి, తలపాగా సవరించుకుని, గోడకేసి చాలాసేపు చూసి, ‘బాబూ, ఈ ఆవులికి మూపురాలేవండీ? కాడి ఏడ ఎడతారు?’ అన్నాడు. ప్లీడరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. నిజమే, మూపురాలు లేవు! ఏళ్ల తరబడి ఆ బొమ్మ కింద కూచుని కక్షిదారులతో మాట్లాడిన మనిషి, మొదటిసారి ఆ ఆవుల్ని చూడడం ఆరోజే. దూరపు కొండలు నునుపు అంటారు కదా, దూరపు ఆవులు కూడా అంతే.

ఇంతకీ ఈ ఏర్లు మన గోడలెక్కడం ఎలా జరిగిందో చెప్తా విను. ఇంగ్లీషువాడు మన దేశానికొచ్చినప్పుడు వాడితో పాటు వాడి ఊరి బొమ్మలూ వచ్చాయి. బిస్కట్ల డబ్బామీద ఆ ఏరే, తేయాకు డబ్బామీద ఆ ఏరే, కంపెనీ క్యాలెండరుమీద ఆ ఏరే. దొరల బంగళాల్లో అసలు నూనెరంగుల చిత్రాలు ఉండేవి. వాటిని చూసి రాజాలూ జమీందార్లూ, జమీందార్లని చూసి ప్లీడర్లూ, ప్లీడర్లని చూసి వర్తకులూ మోజుపడ్డారు. దేవుడి గది సంగతి వేరు. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మినీ సరస్వతినీ అచ్చువేసి ఇంటింటికీ పంపాక ఆ గోడ ఆయనది అయిపోయింది. హాలు గోడ మాత్రం ఇంగ్లీషు ఏటిదే. అసలు చిత్రం కొనే తాహతు ఎవరికుంది? అందుకని ఊళ్లో పెయింటర్లు క్యాలెండరు ముందు పెట్టుకుని నకలు వేసేవారు. పొరుగింటి పుల్లకూర రుచి, మరేం చేస్తాం.

అలాంటి పెయింటరు ఒకాయన దగ్గర మా నాన్న నన్ను చేర్చాడు. మేం మేస్త్రుగారు అనేవాళ్లం. కోటకి పడమట ఒక పాత మిద్దెలో ఆయన పని. దుకాణాల బోర్డులు రాసేవాడు, నాటకాల తెరలు వేసేవాడు, సీనరీలు వేసేవాడు. బోర్డుకి అక్షరానికి ఇంతని లెక్క. కొమ్ములకీ దీర్ఘాలకీ వేరే డబ్బులు ఇవ్వనని ఒక కిరాణా కొట్టాయన పేచీ పెడితే, మేస్త్రుగారు ఒక పూటంతా కొమ్ములు లేకుండా రాసి చూపించారు. ఆ పేరు చదివి వీధి వీధంతా నవ్వింది, కొట్టాయన డబ్బులు పెట్టి వెళ్లాడు. సీనరీ చిన్నదైతే అయిదు రూపాయలు, నిలువెత్తుదైతే పాతిక, చట్రం ఖరీదు వడ్రంగికి వేరే. అయిదు రూపాయలంటే నీకు లెక్కలేదు కానీ, అణాకి రెండిడ్లీలు తిని, ఇంకో అణా జేబులో ఉందంటే ఆ రోజు రాజా అనుకునే కాలం అది.

నూనెరంగుల పని అంటే బొమ్మ వెయ్యడం అనుకుంటావు. బొమ్మ చివరికి కదా. ముందు గుడ్డ. దళసరి నేతగుడ్డ తెచ్చి, ఉతికి గంజి పోగొట్టి, చెక్క చట్రానికి నాలుగు వైపులా లాగి మేకులు కొట్టాలి. మధ్యలో మొదలుపెట్టి మూలలకి వెళ్లాలి, మూలనుంచి మొదలెడితే గుడ్డ ముడత పడుతుంది. వేలితో కొడితే గుడ్డ పలకాలి. తరవాత వడ్రంగులు చెక్కలు అతికించే వజ్రం నీళ్లలో నానబెట్టి, సన్నటి సెగమీద కరిగించి, ఒక పూత. ఆ వాసన! మా అమ్మ నన్ను వీధరుగుమీదే నిలబెట్టి నీళ్లు పోసేది, ఇంట్లోకి రానిచ్చేది కాదు. వజ్రం ఎందుకంటావా? నూనె నేరుగా గుడ్డకి తగిలితే గుడ్డ కొన్నేళ్లలో మాగిపోతుంది. నూనెకీ నూలుకీ మధ్య అది అడ్డం. దానిమీద సుద్దపొడి, తెల్లరంగు, అవిసెనూనె కలిపి చోడి అంబలిలా చిక్కగా చేసి మళ్లీ పూత. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దడం. మళ్లీ పూత, మళ్లీ రుద్దడం. ఇదంతా నా పని. బొమ్మ ఆయన పని. ఎన్నాళ్లిలా అని అడిగితే, ‘గుడ్డ నీ మాట వినే దాకా’ అనేవారు.

రంగులు గొట్టాల్లో వస్తున్నాయి కాబట్టి మా పని సుఖం అనేవారాయన. ఆయన గురువుల కాలంలో పొడిరంగుని రాతిమీద నూనెతో నూరుకునేవారట. తగరపు గొట్టం 1841లో వచ్చింది. కనిపెట్టినవాడు జాన్ గాఫ్ రాండ్ అని ఒక అమెరికా చిత్రకారుడు. అంతకు ముందు పంది మూత్రాశయంలో రంగు పోసి మూతి కట్టేవారు, ఎప్పుడు చిట్లుతుందో తెలీదు. మూత తిప్పే గొట్టం వచ్చాక గానీ చిత్రకారుడు రంగులన్నీ సంచిలో వేసుకుని ఏటిగట్టుకి నిశ్చింతగా వెళ్లలేకపోయాడు. ఫ్రాన్సులో ఆరుబయట కూచుని బొమ్మలు వేసినవాళ్లంతా ఆ చిన్న గొట్టానికి రుణపడి ఉన్నారు.

ఇక ఏరు వెయ్యడం. మేస్త్రుగారు ముందు ఆకాశం వేసేవారు. ఎందుకంటే ఏట్లో కనపడేది సగం ఆకాశమే. ఆకాశానికి కలిపిన రంగులోనే కొంచెం మసక కలిపి నీళ్లకి వాడేవారు. నీళ్లలో నీడ వెయ్యడానికి ఒక మర్మం ఉంది, గుర్తుపెట్టుకో. గట్టుమీద నల్లగా ఉన్నది నీళ్లలో కాస్త తేలికవుతుంది, గట్టుమీద తెల్లగా ఉన్నది నీళ్లలో కాస్త మాసిపోతుంది. రెండూ ఒకే గాఢతతో వేస్తే అది నీరు కాదు, అద్దం. నీడని ముందు నిలువు గీతల్లో దించి, అది పచ్చిగా ఉండగానే పొడి బ్రష్షుతో అడ్డంగా ఒక్కసారి ఈడ్చాలి. రెండోసారి ఈడ్చావంటే బురద. నీరు పల్లమెరుగు అంటారు కదా. బొమ్మలో కూడా నీరు ఎటు పల్లమో చూసేవాడికి తెలియాలి, లేకపోతే అది నిలవ చెరువు.

ఆకుపచ్చ గొట్టం ఆయన ముట్టుకునేవారు కాదు. నీలం, పసుపుమట్టి, చిటికెడు జేగురు కలిపి, చెట్టుకొక ఆకుపచ్చ తయారుచేసేవారు. ‘గొట్టంలో ఆకుపచ్చ ఏ చెట్టుదిరా? ఏ చెట్టుదీ కాదు’ అనేవారు.

ఆ తరవాత ఆరడం. అవిసెనూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలో ప్రాణవాయువుని పట్టుకుని మెల్లమెల్లగా గట్టిపడుతుంది. అడుగు పూతలో నూనె తక్కువ, పై పూతల్లో నూనె ఎక్కువ ఉండాలి. తిరగవేశావా, పైది ముందు ఆరి, కింది పచ్చి కదిలి, బొమ్మ పగుళ్లు తీస్తుంది. మన వైపు వానాకాలంలో ఒక పూత ఆరడానికి పట్టే రోజులు చూస్తే కక్షిదారుడికి కోర్టు వాయిదాలే నయం అనిపించేది. పెళ్లి ముహూర్తానికి సీనరీ కావాలని తొందరపెట్టినవాళ్లకి పచ్చి బొమ్మే ఇచ్చి, ‘చెయ్యి పెట్టకండి’ అని చెప్పేవారు. చెప్పాక పెట్టనివాడు ఎవడుంటాడు? వియ్యాలవారి పిల్లల వేలిముద్రలు ఇంగ్లీషు ఆకాశంలో శాశ్వతంగా నిలిచిపోయేవి.

నాటకాల తెరల ముచ్చట కూడా చెప్పాలి. మా ఊరు నాటకాలకి పుట్టిల్లు. గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1892లో మొట్టమొదట ఆడింది ఇక్కడే. తెరలంటే నాలుగు ఉండేవి, దర్బారు, వీధి, అడవి, ఏరు. సత్యహరిశ్చంద్రుడు వారణాసిలో గంగ ఒడ్డున ఏడుస్తుంటే వెనకాల తెరమీద పిండిమరా, బాతులూ ఉండేవి. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. పద్యం బాగుందా, ఒన్స్ మోర్! ఒకసారి శ్మశానం సీనుకి... సరే, అది మొదలెడితే తెల్లారిపోతుంది. ఏటి దగ్గరికే వద్దాం.

మేస్త్రుగారి గోడకి ఒక రంగు అచ్చుబొమ్మ అంటించి ఉండేది, అంచులు చిరిగి, చెద కొట్టి. ఒక బండి ఏట్లో నిలబడి ఉంటుంది. ఆయన ఎన్ని క్యాలెండర్లు మార్చినా దాన్ని మార్చలేదు. అది కాన్‌స్టబుల్ బొమ్మ అని ఆయనకి తెలుసు, కాన్‌స్టబుల్ ఎవరో తెలీదు. ఏ ఊరి పోలీసో అని నేను అనుకునేవాణ్ణి. నవ్వకు. తరవాత పుస్తకాలు దొరికాక చదువుకున్నాను. జాన్ కాన్‌స్టబుల్, పుట్టింది 1776, పోయింది 1837. ఇంగ్లండుకి తూర్పున స్టౌర్ అని ఒక ఏరు ఉంది. గొప్ప నదేం కాదు, మన చంపావతిపాటిది. ఆ ఒడ్డున ఫ్లాట్‌ఫర్డ్ అనే చోట వాళ్ల నాన్నకి పిండిమర ఉంది. గోధుమలు ఆడించి, పడవలమీద ధాన్యం రవాణా చేసే ఇల్లు వాళ్లది. కొడుకుని వ్యాపారంలో పెట్టాలని చూశాడు, పెట్టాడు కూడా. కానీ కుర్రవాడి మనసంతా కుళ్లిన చెక్కలమీదా, పాచిపట్టిన గుంజలమీదా, మర తూములోంచి దూకే నీటి చప్పుడుమీదా ఉంది. అవే నన్ను చిత్రకారుణ్ణి చేశాయని పెద్దయ్యాక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. మరవాళ్లకి గాలివాటం, మబ్బువాటం తెలియాలి కదా. అందుకని ఆయన మబ్బుల్ని వేసినంత శ్రద్ధగా ఇంకొకళ్లు వెయ్యలేదు. లండన్ దగ్గర ఒక మిట్టమీద నిలబడి మబ్బుల బొమ్మలు వేసి, కాగితం వెనకాల తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందో రాసిపెట్టుకునేవాడు.

మా మేస్త్రుగారి గోడమీది బొమ్మ ‘ది హే వెయిన్’, 1821 నాటిది. అసలు చిత్రం ఆరడుగుల వెడల్పు, లండన్‌లో నేషనల్ గ్యాలరీలో ఉంది. మూడు గుర్రాలు కట్టిన ఖాళీ గడ్డిబండి, మడుగులో చక్రాలు మునిగి ఆగి ఉంది. ఎడమ పక్కన ఇల్లు విల్లీ లాట్ అనే రైతుది. ఆ విల్లీ లాట్ ఎనభై ఏళ్లు పైబడి బతికి, ఆ ఇల్లు విడిచి మొత్తంమీద నాలుగు రోజులు కూడా బయట గడపలేదట. అలాంటివాళ్లు మన ఊళ్లలోనూ ఉండేవారు. మా మేనమామ ఒకాయన రైలు చూడకుండానే పోయాడు, దానికేమీ విచారించలేదు. గుర్రాల మెడపట్టీల మీద ఎరుపు చూడు. అంత పచ్చదనం మధ్య ఆ చిటికెడు ఎరుపు లేకపోతే బొమ్మ నిద్రపోతుంది. ఇంకొక సంగతి. ఆ బొమ్మ లండన్‌లో కూచుని వేశాడు. బండి కట్టు ఎలా ఉంటుందో ఖచ్చితంగా తెలియడానికి ఊరికి కబురంపి, స్నేహితుడి కొడుకు చేత అసలు బండి బొమ్మ గీయించి తెప్పించుకున్నాడు. పుట్టి పెరిగిన ఊరి బండే! అయినా ఊహమీద వెయ్యలేదు.

బండి నీళ్లలో ఎందుకు ఆగింది? పెద్దపెద్దవాళ్లు దీన్ని గురించి రాశారు. కొందరంటారు, ఎండకి చక్రం కర్ర ఎండి కుంచించుకుపోయి ఇనప పట్టా వదులవుతుంది, దాన్ని నానబెట్టడానికి అని. అది చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూచుండిపోయాను. ఎందుకో చెప్తాను, ఆగు.

ముందు ఫిడేలు సంగతి. కాన్‌స్టబుల్‌కి సర్ జార్జి బోమాంట్ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు, చిత్రాలు కొనేవాడు, మంచివాడే. పాతకాలపు చిత్రాలు వార్నిషు మాగి గోధుమరంగులోకి తిరుగుతాయి కదా, ప్రకృతి చిత్రమంటే అలాగే ఉండాలని ఆయన నమ్మకం. పాత ఫిడేలు రంగు ఉండాలట! కాన్‌స్టబుల్ వాదించలేదు. ఒక పాత ఫిడేలు తీసుకెళ్లి ఇంటిముందు పచ్చికమీద పెట్టాడు. అంతే. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విన్న ఊళ్లో పుట్టినవాణ్ణి నేను. ఫిడేలు రంగు నాకు తెలుసు, పచ్చిక రంగూ తెలుసు. అయినా ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఒకడికి తోచడమే గొప్ప.

అంత చేసినా సొంత దేశంలో ఆ బండి బొమ్మ అమ్ముడుపోలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా. ఒక వర్తకుడు కొని పారిస్ పట్టుకెళితే, 1824లో ఫ్రాన్సు రాజు బంగారు పతకం ఇచ్చాడు. లండన్ అకాడమీవాళ్లు పూర్తి సభ్యత్వం ఇచ్చింది 1829లో, అప్పటికి ఆయనకి యాభై దాటాయి, భార్య పోయింది.

ఇంగ్లండు ఏటిగట్టునుంచి మన ఏటిగట్టుకి వచ్చినవాడు కూడా ఒకాయన ఉన్నాడు. ఆస్వాల్డ్ కూల్డ్రే. థేమ్స్ ఒడ్డున ఆబింగ్‌డన్ అనే ఊళ్లో 1882లో పుట్టాడు. 1909 నుంచి 1919 దాకా రాజమండ్రి ఆర్ట్సు కాలేజీకి ప్రిన్సిపాలు. ఆయనా చిత్రకారుడే. దొరలు చాలామంది వచ్చారు, వెళ్లారు. ఈయన మాత్రం క్లాసులో బొమ్మలు గీసే కుర్రాళ్లని పట్టుకున్నాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేతికింద తేలినవాళ్లే. రామారావు బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్లి చదువుకొచ్చి, గోదావరినీ తూర్పు కనుమల్నీ వేసి, 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవుతుంది. కూల్డ్రేకి చెవుడు ముదిరి తన ఊరు తాను వెళ్లిపోయాడు. వెళ్లి 1920లో కవిత్వం పుస్తకం వేశాడు, పేరు ‘థేమ్స్ అండ్ గోదావరి’. రెండు ఏర్లకీ సమానంగా చోటిచ్చిన మనిషి. మన గోడలమీద థేమ్స్ వేలాడుతున్న కాలంలో ఆయన అక్కడ కూచుని గోదావరిని తలుచుకున్నాడు.

మనవాళ్లు మాత్రం తక్కువా? శ్రీకాకుళంలో 1921లో పుట్టాడు వడ్డాది పాపయ్య. తండ్రి డ్రాయింగు మాస్టారు, బడి ఇంట్లోనే. చందమామ అట్టలమీదా ‘యువ’లోనూ వ.పా. బొమ్మ వచ్చిందంటే మేస్త్రుగారు పని ఆపి, పత్రిక చేతులు కడుక్కుని పట్టుకునేవారు. మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదువుకుని వచ్చిన అంట్యాకుల పైడిరాజుగారు మా విజయనగరంలోనే పిల్లలకి చిత్రకళ నేర్పారు. ఆయన దగ్గర చేరినవాళ్లు క్యాలెండరు చూసి కాదు, ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీసేవారు. వాళ్లని చూసి మా మేస్త్రుగారికి లోపల ఏదో కదిలిందని నా అనుమానం. పైకి అనలేదు.

అప్పుడే శ్రీకాకుళంనుంచి ఒక ధాన్యం మిల్లు ఆసామి వచ్చాడు. చేతికి నాలుగు ఉంగరాలు, నోట్లో అడ్డచుట్ట. పెద్ద సీనరీ కావాలి, అయితే ఇంగ్లీషు ఏరు వద్దు, మా నాగావళి కావాలి అన్నాడు. మేస్త్రుగారి మొహం చూడాలి ఆ రోజు! బయానా పుచ్చుకుని మర్నాడే బస్సెక్కాం. వంతెనకి దిగువన ఒడ్డున చాప వేసుకుని తెల్లవారుజామునుంచి కూచున్నాం. మొదటి రోజు ఆయన బ్రష్షు ముట్టలేదు. అంతకాలం క్యాలెండరుమీది ఏటిని కళ్లు మూసుకుని వేసిన మనిషి, కళ్లు తెరిచి ఊరికే చూస్తూ ఉండిపోయారు.

చూడడానికి కారణం ఉంది నాయనా. ఇంగ్లండు ఎక్కడో ఉత్తరాన ఉంది. అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు, ఏటవాలు వెలుగు రోజంతా దొరుకుతుంది. గాల్లో తడివల్ల దూరం తొందరగా నీలంలోకి తిరుగుతుంది. మనకి పొద్దెక్కిందంటే నీడలు చెట్టుకిందే ముడుచుకుపోయి, ఇసక తెల్లబోతుంది. ఆ వెలుగుకి నేర్చుకున్న చెయ్యి ఈ వెలుగులో పనికిరాదు. పైగా నాగావళి ఏడాదికొక రంగు కాదు, నెలకొక రంగు. శ్రావణ భాద్రపదాల్లో కొండమట్టి కలిసి జేగురు రంగు. సంక్రాంతికి తేరుకుని నీలిపచ్చ. వేసవిలో సగం ఇసక, ఇసకలో చెలమలు, ఒడ్డున దోసపాదులు. మేస్త్రుగారు ఇసకనే మూడు రకాలుగా కలిపారు, తడి ఇసక, ఆరుతున్న ఇసక, ఆరిన ఇసక. మూడిట్లోనూ తెల్లరంగు కంటే పసుపుమట్టి ఎక్కువ.

మూడోనాడో నాలుగోనాడో ఒక నాటుబండివాడు వచ్చి బండిని తిన్నగా ఏట్లో దించి, ఎడ్లని విప్పి గట్టెక్కించి, చుట్ట వెలిగించుకున్నాడు. బండేం చేస్తోందని నేనడిగితే, ‘పట్టా ఒదులైపోనాది బాబూ, కర్ర నీరు తాగితే బిగుసుకుంటాది’ అన్నాడు. అడపా దడపా వచ్చి చక్రాన్ని పావు చుట్టు తిప్పి వెళ్లేవాడు, అన్నివైపులా సమంగా నానాలని. మేస్త్రుగారు చక్రం చుట్టూ నీళ్లు తడిపిన గీత ఎక్కడిదాకా ఉందో కూడా చూసి వేశారు. గీతకి కింద కర్ర నలుపు, పైన బూడిద. ఇప్పుడు తెలిసిందా, ఎన్నో ఏళ్ల తరవాత కాన్‌స్టబుల్ బండి గురించి చదివి నేనెందుకు పుస్తకం మూసేశానో? ఆ మాట రాసిన పండితుడు ఊహించి రాశాడు. నేను దాని పక్కన నిలబడ్డాను.

బొమ్మ అయ్యాక ఆసామి వచ్చి చూశాడు. బాగుంది కానీ బాతులేవీ అన్నాడు. నాగావళిలో తెల్ల బాతులుండవండీ అంటే, డబ్బులిచ్చేది నేను కదా అన్నాడు. వెనకాల మంచుకొండ ఒకటి పెట్టమన్నాడు. తన మిల్లు పెట్టమన్నాడు. గట్టుమీద తను కుర్చీలో కూచున్నట్టు పెట్టమన్నాడు. బేరం సాగి సాగి, మిల్లు పొగగొట్టం ఒకటి దూరాన చెట్లమీదుగా కనపడేటట్టు ఒప్పుకున్నారు మేస్త్రుగారు. బాతుల బదులు కొంగలు. మంచుకొండ మాత్రం ససేమిరా కుదరదన్నారు. పాతిక అనుకున్నది ముప్ఫై అయింది. ఆసామి తన పొగగొట్టాన్ని వేలితో తడిమి చూసి, ‘ఇది నాదే’ అని మురిసిపోయాడు. ఆ మురిపెం చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

ఆ బొమ్మని విజయనగరం మిద్దెలో ఆరబెట్టి ఉండగా, పాలుపోసే ముసలాయన ఎందుకో అటు వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఎడ్లకేసి చూసి, ‘ఎడంపక్కది కాలు కుంటతాది’ అన్నాడు. అవును, కుంటేది. మేస్త్రుగారు దాన్ని ఒక కాలుమీద బరువు తేల్చి వేశారు. నేను రోజంతా ఆ ఎద్దు పక్కనే ఉండి కూడా అది చూడలేదు. ఆయన పాలాయన్ని కూచోబెట్టి కాఫీ తెప్పించారు, గాజుగ్లాసులో కాదు, తను తాగే వెండిగ్లాసులో. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

నువ్వు బొమ్మలు వెయ్యడం నేర్చుకుంటానన్నావు కదా. క్యాలెండరు చూసి వెయ్యి, తప్పులేదు. చెయ్యి తిరగాలంటే నకలు వెయ్యాల్సిందే. రేపు పొద్దున్న అయిదింటికి లేపుతాను, సణగకుండా లేవాలి. ఏటికి వెళ్దాం. తెల్లరంగు గొట్టాలు రెండు పెట్టుకో, ఒకటి ఆకాశానికే అయిపోతుంది. నీలం, పసుపుమట్టి, జేగురు, కాస్త నలుపు చాలు. పాత గుడ్డపేలికలు ఎక్కువ తీసుకో. కూచోడానికి చాప నేను తెస్తాను. మొదటి గంట ఏమీ వెయ్యనివ్వను. తొమ్మిది దాటితే ఆ వెలుగు మనకి పనికిరాదు, అప్పుడు టిఫిన్ చేద్దాం.